నదికోసం బ్రతికిన తనకా షోజో

వరద అంటే ఏ రైతుకైనా భయమే. కాని వరద వచ్చిందంటే సంతోషించే రైతులు ఒకప్పుడు జపాను దేశంలో ఉండేవారు. టోకియో నగరానికి ఉత్తరంగా సుమారు 100 కిలోమీటర్ల దూరాన అషియో కొండలలో పుట్టి, తొచిగి, గున్మ మండలాల మైదానం గుండా ప్రవహించి, తొనె అనే పెద్దనదిలో కలిసే వతరసె నదీతీర వాసులు వారు. నది గట్లు పొర్లి పొలాలను ముంచినప్పుడు కొండ అడవులలోని ఆకుకుళ్ళు నల్లని ఒండ్రుగా వచ్చి నేలమీద పేరుకొనేది. ఆ యేడు ఎరువు వేయకపోయినా పైరు ఏపుగా పెరిగేది. నదిలో చేపలు పట్టి బ్రతికే కుటుంబాలు వేలకొలదిగా ఉండేవి. గట్ల వెంబడి వెదురుపొదలు, మెరకనేలల్లో మల్బరీ తోటలు, ఇంటింటా పట్టుపురుగుల పెంపకం, ఇదీ ఆ లోయ సంపద.

పందొమ్మిదవ శతాబ్దం ముగిసేలోపల ఆ వరమే విషంగా మారినది. వరద తగిలిన పొలంలో పైరు పండటం మాని ఎండసాగినది. ఈ మార్పునకు కారణం ఏమిటో బయటపెట్టి, ఆ కారణాన్ని తొలగించవలసినదని తుదిశ్వాస వరకు పోరాడినవాడు తనకా షోజో. జపానులో పర్యావరణ కాలుష్యం మీద సాగిన ఉద్యమాలకు ఆయనను మూలపురుషుడుగా నేటికీ చెప్పుకొంటారు.

షోజో 1841లో కొనక అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి ఆ గ్రామానికి పెద్ద. తండ్రికి పైపదవి లభించగా, పదిహేడేండ్ల ప్రాయంలోనే గ్రామ పెద్దరికం షోజోకు సంక్రమించినది. సేద్యం చేసుకొంటూ, నీలిమందు వ్యాపారం సాగిస్తూ, గ్రామ వ్యవహారాలు చక్కబెట్టేవాడు. ఆ ప్రాంతపు జమీందారీ అధికారులు రైతులపై అక్రమంగా పన్నులు మోపగా ఆయన ఎదురు తిరిగాడు. దాని ఫలితం 1868లో కారాగారం. నిలువెడల్పులు మూడేసి అడుగులు మాత్రమే ఉన్న గదిలో, కాళ్ళు చాపుకొనే వీలైనా లేకుండా, పదినెలలకు పైగా గడిపాడు. తిండిలో విషం పెడతారేమోనన్న అనుమానంతో కొన్నాళ్ళపాటు ఎండుచేపముక్కలే నమలి ప్రాణం నిలుపుకొన్నాడు. విడుదలైన పిమ్మట స్వగ్రామం విడిచి ఉత్తర దేశంలో చిరుద్యోగిగా చేరి, కరవు రైతులకు సాయపడుతూ ఉండగా, 1871లో పై అధికారి ఒకడు హత్యకు గురి అయినాడు. ఆ నేరాన్ని షోజోమీద మోపారు. చిత్రహింసలు పెట్టారు. నిర్దోషి అని తేలి ఆయన బయటపడేసరికి 1874 వచ్చినది. ఆ జైలులోనే ఆయన పాశ్చాత్య రాజకీయ, ఆర్థిక గ్రంథాల అనువాదాలు చదివాడు. దేశానికి రాజ్యాంగం, ప్రజలకు హక్కులు ఉండాలనే విశ్వాసం అక్కడ నాటుకొన్నది.

ఇంటికి తిరిగివచ్చిన షోజో 1879లో తొచిగి వార్తాపత్రిక స్థాపనకు పూనుకొన్నాడు. మరుసటి యేడు మండలసభకు ఎన్నికైనాడు. రోడ్లపేరిట ప్రజలచేత వెట్టిచాకిరి చేయించిన గవర్నరును ఎదిరించి 1884లో మరొకమారు చెరసాలకు పోయివచ్చాడు. 1886లో ఆ మండలసభకే అధ్యక్షుడైనాడు. 1890లో జపానులో మొట్టమొదటి పార్లమెంటు ఎన్నికలు జరిగినప్పుడు దిగువసభకు ఎన్నికై, దానితో కలిపి వరుసగా మొత్తం ఆరు పర్యాయాలు గెలిచాడు. అప్పటికి ఆయన వయస్సు నలుబదియెనిమిది. జీవితంలోని అసలైన కార్యం ఇంకా ముందే ఉన్నది.

అషియోలో రాగిగని బహుకాలంనుండి ఉన్నది. అది క్షీణించిన దశలో, 1877లో, స్వశక్తితో పైకివచ్చిన ఫురుకవా ఇచిబె అనే వ్యాపారి దానిని కొన్నాడు. అప్పుడు అందులో ఏడాదికి 50 టన్నుల రాగి అయినా తయారయ్యేది కాదు. 1880 దశకం తొలినాళ్లలో గొప్ప ఖనిజపు పొరలు బయటపడ్డవి. విదేశాలనుండి క్రొత్త యంత్రాలు వచ్చినవి. 1885 నాటికి ఉత్పత్తి 4,000 టన్నులు దాటి, దేశంలోకెల్ల పెద్ద రాగిగనిగా అషియో పేరుపొందినది. 1888లో జార్డిన్ మాథెసన్ అనే బ్రిటిష్ వర్తకసంస్థకు 19,000 టన్నుల రాగి సరఫరా చేయడానికి ఒడంబడిక కుదిరినది. తంతితీగలకు, విద్యుత్తుకు లోకమంతటా రాగి కావలసిన కాలమది. రాగి అమ్మగా వచ్చిన విదేశీధనంతో జపాను యంత్రాలు, ఆయుధాలు కొనుక్కొనేది. అందుచేత ప్రభుత్వం దృష్టిలో అషియో ఒక వ్యాపారి గని మాత్రమే కాదు, దేశానికి బలం.

ఆ బలానికి మూల్యం చెల్లించినది వతరసె లోయ. మొదట చెడినది గాలి. అషియో ముడిఖనిజంలో రాగితో పాటు ఇనుము, గంధకం కలిసి ఉండేవి. కొలిమిలో దానిని కాల్చినప్పుడు గంధకం సల్ఫర్ డయాక్సైడు వాయువుగా మారి పొగగొట్టాలనుండి వెలువడేది. ఆ వాయువు తేమతో కలిసినప్పుడు ఆమ్లం అవుతుంది. అది సోకిన చెట్ల ఆకులు మాడి రాలిపోయినవి. ఆకులేని చెట్టు ఎన్నాళ్ళో బ్రతకదు. గని సొరంగాల దూలాలకు, కొలిముల బొగ్గుకు గొడ్డళ్ళు పడగా మిగిలిన అడవిని పొగ కాల్చివేసినది. కొలిమికి ఎగువన ఉన్న మత్సుకి అనే గ్రామంలో మల్బరీ ఎండి, పట్టుపురుగులు చచ్చి, పంటలు పోయి, 1902 నాటికి ఊరే లేకుండా పోయినది.

రెండవది నీరు. ఖనిజం దంచి రాగి తీసుకోగా మిగిలిన పొడి, కొలిమినుండి తీసిన చిట్టెం, గనిలో ఊరే ఆమ్లపు నీరు అన్నీ లోయలోకే పోయేవి. వాటిలో రాగి, ఆర్సెనిక్ వంటి విషాలు ఉన్నవి. 1885లో వతరసెలో చేపలు గుంపులు గుంపులుగా చచ్చి తేలినట్లు పత్రికలు ప్రకటించినవి. కొద్దికాలానికే బెస్తవారి వలలకు పని లేకుండా పోయినది.

మూడవది నేల. కొండమీద అడవి ఉన్నంతకాలం వానను అది పట్టి ఉంచి మెల్లగా విడిచేది. అడవి పోయిన తరువాత కురిసిన వాన కురిసినట్లే మట్టిని, గని మడ్డిని కూడగట్టుకొని దిగువకు దూకసాగినది. నది అడుగు మేట వేసి, వరదలు అంతకంతకు పెరిగినవి. 1890 ఆగస్టులో వచ్చిన పెద్దవరద ఆ మడ్డిని రెండు మండలాల పొలాలలో పరచిపోయినది. నేలలో రాగి ఎక్కువైనప్పుడు వరివేరు ఎదగదు. వేరు ఎదగని పైరు నీరు నిండుగా ఉన్నా ఎండిపోతుంది. గట్లమీది వెదురుపొదలు సైతం వేళ్ళు కుళ్ళి చేతితో లాగితే ఊడివచ్చేవి. గాలి, నీరు, నేల చెడటం మూడు వేరు వేరు కష్టాలుగా కనిపించినా, మూడింటికీ మూలం ఒక్కటే. పొగ అడవిని చంపినది. అడవి చావటంవల్ల వరద పెరిగినది. వరద విషాన్ని పొలానికి చేర్చినది. పొలం దానిని మనిషి కంచానికి చేర్చినది. ఈ గొలుసును మొదటినుండి చివరివరకు చూడగలగటమే తనకా గొప్పతనం.

1891 డిసెంబరులో ఆయన ఈ విషయమై పార్లమెంటులో ప్రశ్న వేశాడు. ప్రజల ఆస్తికి రాజ్యాంగం రక్షణ ఇస్తున్నది. ప్రజలకు చేటుచేసే గనిని మూయించే అధికారం గనుల చట్టం ప్రభుత్వానికి ఇస్తున్నది. మరి ప్రభుత్వం ఎందుకు ఊరకున్నదన్నది ఆ ప్రశ్న సారాంశం. నాటి వ్యవసాయ వాణిజ్య మంత్రి ముత్సు మునెమిత్సు. ఆయన కుమారులలో ఒకడు ఫురుకవా ఇంటికి దత్తుపోయినవాడు. నష్టానికి కారణం ఇంకా నిర్ధారణ కాలేదని ప్రభుత్వం జవాబిచ్చినది. కాని ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ రసాయనశాస్త్రజ్ఞుడు కోజై యోషినావొ రైతుల కోరికపై ఆ మట్టిని పరీక్షించి, పంటనష్టానికి రాగి సమ్మేళనాలే కారణమని తేల్చిచెప్పాడు. పరిశోధనశాల రైతుకు సాక్ష్యం చెప్పిన తొలి ఘట్టాలలో అది ఒకటి.

కారణం తెలిసిన పిమ్మట దానిని తొలగించటమే న్యాయం. జరిగినది వేరు. అధికారులు మధ్యవర్తులై, రైతులకు కొద్దిపాటి పరిహారం ముట్టజెప్పి, 1896 జూన్ వరకు ఎట్టి ఫిర్యాదూ చేయబోమని ఒప్పందాలు వ్రాయించుకొన్నారు. అప్పుల్లో ఉన్న రైతులు సంతకాలు చేశారు. ఆ గడువు తీరిన యేడే మునుపటికన్న పెద్దవరదలు ముంచెత్తినవి. విషపుమడ్డి మరిన్ని గ్రామాలకు పాకినది. తనకా ఊరూరా తిరిగి, నష్టపరిహారం కాదు, గని మూయించటమే ఏకైక మార్గమని రైతులను కూడగట్టాడు. 1897 మార్చిలో వేలాది రైతులు కాలినడకన టోకియో చేరి అర్జీలు పెట్టుకొన్నారు. ఆ యేడే ప్రభుత్వం గనికి 37 అంశాల ఉత్తరువు జారీచేసినది. మడ్డినీరు తేర్చే చెరువులు, వడపోత తొట్లు, పొగను సున్నపు నీటితో కడిగే గోపురం గడువులోగా కట్టవలసివచ్చినది. ఫురుకవా వాటిని కట్టించాడు. కాని పొగనుండి గంధకాన్ని పట్టుకొనే విద్య ఆనాటికి పరిపక్వం కాలేదు. కొండలు బోడిగానే ఉన్నవి. వరదలు వస్తూనే ఉన్నవి.

పాడైన పొలాలకు ప్రభుత్వం భూమిశిస్తు రద్దుచేసినది. చూడటానికి ఇది దయ. కాని ఆ రోజులలో నిర్ణీతమైన పన్ను చెల్లించేవారికే వోటుహక్కు. శిస్తు పోవటంతో అనేక రైతులకు వోటు కూడ పోయినది. పంట పోయినవాడికి నోరు కూడ పోయినట్లయినది. 1899లో రైతుల పక్షంవారు గ్రామ గ్రామాన జననమరణాల లెక్కలు తీశారు. కాలుష్యం సోకిన ఊళ్ళలో పుట్టినవారికన్న చచ్చినవారే ఎక్కువ అని ఆ లెక్క చూపినది. 1,064 మంది అకాలమరణానికి విషమే కారణమని వారు ప్రకటించారు. ఆ యేడే పార్లమెంటు సభ్యుల జీతాలు పెంచారు. ప్రజలు అలమటిస్తుండగా ఆ జీతం తనకు వద్దని షోజో నిరాకరించాడు.

1900 ఫిబ్రవరి 13న రైతులు మరల టోకియోకు బయలుదేరారు. తొనె నది ఒడ్డున కవమత వద్ద పోలీసులు వారిని అడ్డగించి చావమోదారు. 51 మందిపై కేసులు పెట్టారు. నాలుగు రోజుల తరువాత తనకా పార్లమెంటులో లేచి, ప్రజలను చంపటం దేశాన్ని చంపటమేననీ, అది తెలియని ప్రభుత్వం చేతిలో దేశం అప్పటికే నశించినదనీ గర్జించాడు. ప్రశ్న భావం బోధపడలేదు గనుక జవాబు చెప్పబోమని ప్రధానమంత్రి వ్రాతమూలకంగా తెలియజేశాడు. రైతుల విచారణ జరుగుతుండగా న్యాయస్థానంలో ఆవులించాడన్న నేరానికి తనకాకు నలుబది దినాల శిక్ష కూడ పడినది. ఆ శిక్ష అనుభవించిన 1902లోనే ఆయన చెరసాలలో క్రొత్తనిబంధన చదివి ఆకర్షితుడైనాడు. రైతులపై కేసు సాంకేతిక కారణంతో చివరకు కొట్టివేయబడినది.

శాసనసభ దారి మూసుకొన్నదని గ్రహించి 1901 అక్టోబరులో తనకా సభ్యత్వానికి రాజీనామా ఇచ్చాడు. డిసెంబరు 10న చక్రవర్తి మేజి పార్లమెంటు ప్రారంభించి తిరిగివస్తుండగా, అరవయ్యో యేడు నిండబోతున్న ఆ వృద్ధుడు నల్లని ఉత్సవవస్త్రాలు ధరించి, అర్జీ చేతపట్టుకొని రథంవైపు పరుగెత్తాడు. దానిని ఆయన కోరికపై తొలుత వ్రాసి ఇచ్చినవాడు కోతొకు షూసుయి అనే పత్రికారచయిత. అట్లు రథానికి అడ్డు వెళ్ళటం ప్రాణాలతో చెలగాటం. అడ్డుపడిన అశ్వికుడు గుర్రంతో సహా పడిపోయాడు; తనకా కూడ తొట్రుపడి పడిపోయాడు. అర్జీ చక్రవర్తికి చేరలేదు. నేరం మోపి విచారిస్తే వ్యవహారం ఇంకా పెద్దదవుతుందని తలచి, అధికారులు ఆయనను మతిచలించినవాడుగా పరిగణించి ఆ రాత్రే విడిచిపెట్టారు.

చక్రవర్తికి చేరని అర్జీ ప్రజలకు చేరినది. మరునాడు పత్రికలన్నీ దానినే ప్రకటించినవి. టోకియో విద్యార్థులు వందల సంఖ్యలో బయలుదేరి పాడైన గ్రామాలను కన్నులారా చూచివచ్చారు. ప్రభుత్వం అట్టి యాత్రలను నిషేధించవలసివచ్చినది. అంతకు కొద్దిగా ముందే, సహాయనిధికొరకు జరిగిన సభలో విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకడు తన పైకోటు తీసి ఇచ్చివేశాడు. ఆయనే తరువాత ప్రసిద్ధ ఆర్థికశాస్త్రవేత్త అయిన కవకామి హజిమె. తరువాతి కాలంలో గొప్ప కథకుడుగా పేరుపొందిన షిగ నావొయ అప్పుడు బాలుడు. ఆ గ్రామాలకు పోతానని పట్టుపట్టి తండ్రితో తగవుపడ్డాడు. ఆయన తాత ఒకప్పుడు అషియో గనిలో ఫురుకవాతో పాటు పెట్టుబడి పెట్టినవాడు.

ఈ అలజడికి జవాబుగా 1902లో ప్రభుత్వం మరొక విచారణ సంఘాన్ని నియమించినది. గని పనులు మెరుగుపడినవి, ఇక సమస్య వరదలే అన్నట్లు ఆ సంఘం తేల్చినది. వరదనీటిని నిలుపుచేయడానికి నదుల కూడలివద్ద ఒక విశాలమైన చెరువు త్రవ్వాలన్నది అప్పుడు వచ్చిన పథకం. ఆ చెరువుకు ఎన్నుకొన్న స్థలం యనక గ్రామం. అక్కడ సుమారు 450 కుటుంబాలు, 2,700 మంది జనం ఉండేవారు. కాలుష్యంమీద గట్టిగా పోరాడిన ఊళ్ళలో అది ఒకటి. అడవిని కాల్చినది గని; వరదను పెంచినది ఆ కాలిన కొండ; మునగవలసినది మాత్రం యనక. కారణాన్ని కదపకుండ, ఫలితాన్ని నీటి అడుగున దాచే ఉపాయమని తనకా దానిని నిరసించాడు.

నిరసించి ఊరకుండలేదు. 1904 జూలైలో యనకకు మకాం మార్చి అక్కడి రైతులలో ఒకడైపోయాడు. అధికారులు గట్లు బాగుచేయటం మానివేశారు. వరద వచ్చి పంటపోగా, విసిగిన కుటుంబాలు ఒక్కొక్కటిగా భూములమ్మి వెళ్ళిపోయినవి. కొందరు తరువాత దూరాన హొక్కైడో మంచుసీమకు వలసపోయారు. 1906లో గ్రామాన్ని కాగితంమీద రద్దుచేశారు. 1907 జూన్ 29 మొదలు జూలై 5 వరకు, కదలనని మిగిలిన 16 ఇండ్లను కూలగొట్టారు. ఆ కుటుంబాలవారు కూలిన దుంగలతో, రెల్లుతో గుడిసెలు వేసుకొని వానలో, బురదలో అక్కడే ఉండిపోయారు. అరహత కన్సొన్ అనే ఇరవైయేండ్ల యువకుడు ఈ గ్రామనాశన చరిత్రను ఆ యేడే గ్రంథంగా ప్రకటించగా ప్రభుత్వం వెంటనే నిషేధించినది.

యనకకు వచ్చిన తొలిరోజులలో తనకా రైతులకు బోధించాలని తలచేవాడు. క్రమంగా తానే వారివద్ద నేర్చుకోవలసినవాడినని తెలుసుకొన్నాడు. నీటి పోకడ పుస్తకాలు చదివిన ఇంజనీరుకన్న తరతరాలుగా ఆ ఒడ్డున బ్రతికినవాడికి ఎక్కువ తెలుసునని ఆయన గ్రహించాడు. 1910లో మహావరదలు వచ్చి, ఒక ఊరును తుడిచివేసినంతమాత్రాన వరద ఆగదని చూపినవి. ఏడుపదుల వయస్సులో ఆయన కాలినడకన ఉపనదుల వెంబడి తిరిగి, ఏ ఊళ్లో నీరు ఎంత ఎత్తు వచ్చినదో అడిగి వ్రాసుకొన్నాడు. కొండలను, నదులను, ఊళ్ళను పాడుచేసి మనుషులను చంపేది నాగరికత కానేరదన్న నిశ్చయానికి ఆయన వచ్చాడు.

1913 ఆగస్టులో అట్టి ఒక ప్రయాణంలోనే ఆయన జబ్బుపడి ఒక రైతు ఇంట మంచమెక్కాడు. ఎన్నో ఏండ్లు ఎడబాటులో గడిపిన భార్య కత్సు, మిత్రుడైన నవలారచయిత కినొషిత నావొయె ఆయనకు పరిచర్య చేశారు. సెప్టెంబరు 4న ఆయన కన్ను మూశాడు. ఇల్లు, భూమి ఏనాడో స్వగ్రామానికి ఇచ్చివేశాడు. మిగిలిన ఆస్తి ఒక గుడ్డసంచి. అందులో క్రొత్తనిబంధన, జపాను రాజ్యాంగం ప్రతి, దినచర్య, ఒక అసంపూర్ణ వ్రాతప్రతి, నదుల ఒడ్డున ఏరుకొన్న కొన్ని గులకరాళ్ళు ఉన్నవి. అంత్యక్రియలకు వేలాది జనం తరలివచ్చారు. నదీతీర గ్రామాలవారు ఆయన అస్థికలను పంచుకొని పలుచోట్ల సమాధులు కట్టుకొన్నారు.

ఆ సంచిలోని ప్రశ్నకు జవాబు రావటానికి చాలా కాలం పట్టినది. యనక గుడిసెలవాసులు 1917లో తుదకు తొలగిపోయారు. అషియో పొగలోని గంధకాన్ని పట్టి ఆమ్లంగా మార్చే క్రొత్త కొలిమి 1956లో గాని రాలేదు. 1958లో మడ్డి నిలువచేసిన కట్ట ఒకటి తెగి పొలాలు మరల పాడైనవి. 1971లో ఆ ప్రాంతపు బియ్యంలో కాడ్మియం బయటపడినది. 1973లో గని మూతపడినది. 1974లో మధ్యవర్తిత్వం ద్వారా కంపెనీ తన బాధ్యతను అంగీకరించి, రైతులకు 155 కోట్ల యెన్లు చెల్లించినది. 2011 భూకంపంలో పాత మడ్డిగుట్ట ఒకటి జారగా నదినీటిలో సీసం పరిమితిని మించి కనిపించినది. గని మూసినంతమాత్రాన విషం మూతపడదు.

అషియో కొండలపై మట్టి మోసి మొక్కలు నాటే పని ఎన్నో దశాబ్దాలుగా సాగుతూ వచ్చినది. అందులో బడిపిల్లలు కూడ పాల్గొంటూ వచ్చారు. యనక ఉన్నచోట ఏర్పడిన రెల్లుబీడును 2012లో అంతర్జాతీయ ప్రాముఖ్యంగల తడినేలగా గుర్తించారు. ఆ రెల్లు మధ్య గ్రామదేవాలయపు దిబ్బ, శ్మశానపు రాళ్ళు మిగిలి ఉన్నవి. 2014లో జపాను చక్రవర్తి అకిహితో సానొ పట్టణపు ప్రదర్శనశాలకు వెళ్ళి, తనకా షోజో వ్రాయించిన అర్జీని చూచాడు. రథందాకా చేరని ఆ కాగితం చక్రవర్తి కంటబడటానికి 113 సంవత్సరాలు పట్టినది.